తాళ్లపాకవారు: ఒక యింటిపేరి చరిత్రము

మనుష్యుఁడు తాను సంపాదింపకయే పొందు సొత్తులలో ఇంటిపేరు మొదటిది. పొలము పంపకములవలనఁ దగ్గును. ఇల్లు కాలక్రమమునఁ గూలును. నగలు పెండ్లిండ్లకును రోగములకును వ్యయమగును. ఇంటిపేరు మాత్రము ఎందఱు కొడుకులు పంచుకొన్నను ఎవరి పాలు వారికి నిండుగానే యుండును. అందువలననే దానిని గూర్చి గర్వించుట మిక్కిలి సులభము. పూర్వులలో నొకఁడు పండితుఁడైనచో, పది తరముల పిమ్మట అక్షరము రానివాఁడు సయితము తమది పండితవంశమని చెప్పుకొనుచుండును. ఆ మాటకు సుంకము లేదు. అయినను ఈ సొత్తును నిజముగా సంపాదించిన దెవరు? నిలిపిన దెవరు? దానికి వారసు లనఁదగినవా రెవరు? ఈ ప్రశ్నలకుఁ గడపసీమలోని యొక యింటిపేరి చరిత్రము మంచి సమాధానము చెప్పఁగలదు.

ఆ యింటిపేరు తాళ్లపాక. అది మొదట నొక యూరి పేరు. పూర్వపుఁ గడప మండలమున, రాజంపేట చెంత, చెయ్యేటి సీమలో నున్న చిన్నపల్లె. తెలుఁగువారి యిండ్లపేళ్లలోఁ జాల భాగ మిట్లే గ్రామనామములు. ఒకచోట నుండి మఱియొక చోటికిఁ బోయినవానిని కొత్త యూరివారు పాత యూరి పేరితోఁ బిలిచిరి. ఆ పిలుపే కొడుకులకు వచ్చెను. తాళ్లపాకవారు నందవరీకులు. ఆ శాఖానామమును గర్నూలుసీమలో బనగానపల్లెకు సమీపముననున్న నందవరమను గ్రామమునుండి వచ్చినదే. కాఁబట్టి వారి శాఖకుఁ బేరిచ్చినది కర్నూలు మన్ను; ఇంటికిఁ బేరిచ్చినది కడప మన్ను. ఆ మన్నుపై వారొక్కరే నివసింపలేదు. దున్నువాఁడు, కుండలు చేయువాఁడు, గొఱ్ఱెలు కాయువాఁడు, అందఱును ఆ యూరివారే. ఊరి పేరు ధరించినవాఁ డూరి కంతటికి ఋణపడియుండును. ఈ మాట మనము ముందు మఱలఁ దలఁపవలసియుండును.

ఒక యింటిపేరు గల ప్రసిద్ధుల చరిత్రములను జేర్చి వ్రాయు వాడుక పరదేశములందును గలదు. అమెరికాలో జాను ఆడమ్సు ఆ దేశమునకు రెండవ యధ్యక్షుఁడు (1797–1801). అతని కుమారుఁడు జాను క్విన్సీ ఆడమ్సు ఆఱవ యధ్యక్షుఁడు (1825–1829). ఆడమ్సు అనఁగానే చదువరులు ఈ తండ్రికొడుకులనే తలఁతురు. కాని జాను ఆడమ్సు భార్యయగు అబిగెయిలు, నూతన శాసనములు చేయునపుడు స్త్రీలను మఱవవలదని 1776లో భర్తకు లేఖ వ్రాసెను. ఆమె యా యింటఁ బుట్టినది కాదు, మెట్టినది. అయినను ఆ యింటిపేరు నేఁటికిని వెలుఁగుచుండుటకు ఆమె లేఖలు నొక కారణము. తాళ్లపాకవారి కథలోను ఇట్టి స్త్రీ యొకతె గలదు. ఆమె కడకుఁ బోవుటకు ముందు కథను మొదటినుండి చెప్పవలెను.

ఈ వంశచరిత్రమునకు ముఖ్యాధారము చిన్నన్న యను చిన తిరువేంగళనాథుఁడు ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము. చిన్నన్న అన్నమాచార్యునకు మనుమఁడు. భక్తితో వ్రాసినవాఁడగుటచే మహిమలను గూడఁ జెప్పెను. అయినను ఇంటిలోని లోపములను గప్పిపుచ్చలేదు. అన్నమాచార్యుని తాత నారాయణయ్య బాల్యమునఁ జదువు రాని పిల్లవాఁడు. తండ్రి యతనిని ఊటుకూరిలో బంధువుల యింట నుంచి చదివించెను. అచ్చటి గురువు దండనలకు మేర లేకపోయెను. ఆ బాధ కోర్వలేక బాలుఁడు చింతలమ్మ గుడి కడనున్న పుట్టలోఁ జేయి పెట్టి, పాముకాటున మరణింప నిశ్చయించెను. దేవత ప్రత్యక్షమై, మూఁడవ తరమున మహాభక్తుఁడు జనింపఁగలఁడని యూరడించెనని చిన్నన్న చెప్పుచున్నాఁడు.

మహిమను నమ్మువారు నమ్ముదురు గాక. నమ్మనివారికిని ఈ కథలో నొక సత్యము గోచరించును. తరువాతి కాలమునఁ బండితవంశమని కీర్తిగన్న యీ కుటుంబము, బెత్తమునకు వెఱచి ప్రాణము విడువఁబోయిన యొక బాలుని చలువవలన నిలిచినది. ఆ దినమున నతఁడు మరణించియుండిన యెడల మనకు అన్నమాచార్యుఁడు లేఁడు. ఊరూర బడులలో నిట్లు బాధపడిన బాలురందఱికి దేవత యడ్డుపడెనని యే కావ్యమును జెప్పలేదు.

అన్నమయ్య నారాయణసూరికి లక్కమాంబకు 1408లో జన్మించెను. ఆ యిల్లు ఉమ్మడికుటుంబము. పాటలు పాడుకొనుచుఁ దిరుగు నీ పిల్లవానికి ఇంటివారు తలకొక పని చెప్పుచు, చేయనప్పుడు నిందించుచు నుండిరి. ఒకనాఁడు పశువులకుఁ గసవు కోసి తెమ్మని పంపిరి. కోయుచుండఁగాఁ గొడవలి తగిలి చిటికెనవ్రేలు తెగెను. నెత్తురు చూచి యతఁడు ఈ తలిదండ్రు లెవ్వరు, ఈ బంధువు లెవ్వరు అని తలపోసి, కొడవలి యచ్చటనే పాఱవైచి, దారినిఁ బోవుచున్న యాత్రికుల గుంపులోఁ గలిసి తిరుమలకు నడచిపోయెను. తాళ్లపాక యను పేరునకు ఐదువందల యేండ్లు చెడని కీర్తి తెచ్చినవాఁడు, ఆ తాళ్లపాక యిల్లు విడిచి పోయినవాఁడు. ఇంటిపేరి గౌరవమని చెప్పి బిడ్డల యిష్టము నణఁచు పెద్దలు ఈ ఘట్టమును దీరికగాఁ జదువుకొనఁదగును.

అతఁడు రాగిరేకుల పీఠికను బట్టి 1424లో, పదునాఱవ యేట, పదరచన కారంభించెను. 1503లో దేహము విడుచు వఱకు మానలేదు. అహోబిలమున ఆదివన్ శఠకోపయతి కడ వేదాంతము చదివెను. ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని చిన్నన్న చెప్పెను. తాళ్లపాకవారి పదములలో నేఁడు లభించునవి సుమారు 14,000. తిరుమల వేంకటేశ్వరుఁడు గాక, అహోబిలము నృసింహుఁడు, ఒంటిమిట్ట రాముఁడు, దేవుని కడప వేంకటరాయఁడు అతని పాటలలోఁ గానవత్తురు. కఱవు నేలలోని గుళ్లన్నియు నతని పాటల కెక్కినవి.

సంఖ్యకన్న విశేషమైనది అతఁడు పట్టిన బాణీ. పండితుఁ డగుటచే సంస్కృతమునను రచించెను. సంకీర్తనలకు లక్షణగ్రంథము సంస్కృతముననే వ్రాసెను. కాని దంచువేళల సువ్వి పాట, ఊయెల కడ లాలిపాట, గొబ్బి తట్టు పడుచుల పాట, జాజరపాట, ఏలపాట, చందమామను బిలుచు తల్లుల పాట, వీనినన్నిటిని దేవుని సన్నిధికిఁ దీసికొనిపోయెను. ఈ మట్టులు అతఁడు కల్పించినవి కావు. రోళ్లకడ, పొలములలో, తొట్టెలప్రక్కఁ బేరు లేని స్త్రీలు తరతరములుగాఁ బాడుకొన్నవి. తాళ్లపాకవారి మూలధనములో నొక పెద్దభాగము ఈ యప్పు. ఊరికి ఋణమని మొదటఁ జెప్పిన దీని కొఱకే. అన్నమయ్య యా ఋణ మెఱిఁగినవాఁడు. రాజునకును బంటునకును నిద్ర యొక్కటే, బ్రాహ్మణుఁడు నిలుచు నేలయుఁ జండాలుఁడు నిలుచు నేలయు నొక్కటే యను నర్థముగల పాటను ఆ కాలముననే పాడెను. నిలుచు నేల యొక్కటే యను మాట ఊరి పేరే యింటిపేరైనవాని నోట వినుట యెంతయు నుచితము.

మఱియొక విషయము. పాట చివర రచయిత తన పేరు ముద్రగా వేసికొనుట వాడుక. అన్నమయ్య తన పేరు వేసికొనలేదు, ఇంటిపేరును వేసికొనలేదు. వేంకటేశ్వరుని పేరే వేసెను. కుమారుఁడును మనుమఁడును అదే ముద్ర నిలిపిరి. అందుచేత రేకులపై నున్న తలకట్టు లేకున్న నేది తండ్రిది, ఏది కొడుకుది యని పోల్చుట కష్టము. సాళువ నరసింహుఁడు దండనాథుఁడై టంగుటూరిలో నున్నప్పటినుండియు అన్నమయ్య నాదరించినవాఁడు. రాజైన పిదపఁ దనమీఁదఁ గూడ నొక పదము చెప్పుమని యడిగెనఁట. హరినిఁ బొగడిన నోట నరునిఁ బొగడనని కవి నిరాకరించెను. రాజు సంకెలలు వేయించెను. పేరు కొఱకుఁ బేరాస లేనివాఁడు గనుకనే యతఁడు పేరడిగిన రాజునకు లేదనఁగలిగెను.

ఇఁక తిమ్మక్క. ఆమె అన్నమాచార్యుని భార్య. ఆమె రచించిన సుభద్రాకల్యాణము మంజరీద్విపదలో నున్నది. అర్జునుఁడు కపటసన్న్యాసియై వచ్చి సుభద్రను బెండ్లియాడిన భారతకథ దానికి వస్తువు. కథ పురాణమునుండి తీసికొన్నను, అందలి మాటలు, మర్యాదలు, పెండ్లింటి సందడి, వదినామఱఁదండ్ర పరిహాసములు తెలుఁగింటివి. తెలిసినంతవఱకుఁ దెలుఁగునఁ గావ్యము చెప్పిన స్త్రీలలో నామెయే మొదటిది.

ఈమె పేరు తాళ్లపాక తిమ్మక్క యనియే సాహిత్యచరిత్రములందు నిలిచినది. ఆమె పుట్టినింటి పేరు పుస్తకముల కెక్కలేదు. ఆమెకు అక్షరము నేర్పిన తండ్రియో తల్లియో గొప్పవారై యుండవలెను. పదునైదవ శతాబ్దమున నాఁడుపిల్లకుఁ జదువు చెప్పించుట సామాన్యము కాదు. ఆ పుణ్యము చేసిన యింటికిఁ గీర్తి లేదు. కోడలిని దెచ్చుకొన్న యింటికిఁ గలిగినది. దీనికి విపర్యయము మఱియొకటి. రేవణూరి వేంకటాచార్యుఁడను కవి తాళ్లపాకవారికి దౌహిత్రుఁడు. ఆ రక్తమే, ఆ విద్యయే. అయినను ఆఁడుబిడ్డ కడుపునఁ బుట్టినవాఁడగుటచే నతని యింటిపేరు వేఱైనది. తాళ్లపాక కవుల పట్టికలో నతనిఁ బలువురు తలఁపరు. ఇంటిపేరు రక్తమునకు గుఱుతు అందుమా, తిమ్మక్క కెట్లు వచ్చినది? విద్యకు గుఱుతు అందుమా, వేంకటాచార్యున కేల రాలేదు? మన లెక్క పొరపాటు లెక్క యని యీ యిద్దఱును జూపుచున్నారు.

అన్నమాచార్యుని కుమారుఁడు పెదతిరుమలాచార్యుఁడు తండ్రివలెఁ బదకర్త. భగవద్గీతకుఁ దెలుఁగు వచనము వ్రాసెను. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) ఈ కుటుంబమునకు గ్రామములు, ధనము సమృద్ధిగా లభించెను. లభించినదానిలోఁ జాల భాగమును తిరుమల తిరుపతుల కైంకర్యములకు ధారవోసిరని యచ్చటి శాసనములే చెప్పుచున్నవి. శ్రీనివాసమంగాపురమునఁ బాడువడియున్న కల్యాణవేంకటేశ్వరుని యాలయమును బెదతిరుమలాచార్యుని కుమారుఁడు చినతిరుమలాచార్యుఁడు 1540లోఁ బునరుద్ధరించెను. తాత సంస్కృతమున వ్రాసిన సంకీర్తన లక్షణమును దెలుఁగు చేసినవాఁడును నతఁడే. మూలము నశించినది, మనుమని తెలుఁగే మనకు మిగిలినది. చిన్నన్న ద్విపదను దన సొత్తుగాఁ జేసికొని పరమయోగివిలాసము, అష్టమహిషీకల్యాణము రచించెను. తరువాతి తరమువాఁడగు తిరువేంగళప్ప అమరుకమును దెలిఁగించెను. నాలుగు తరములు కలము విడువని యిల్లు తెలుఁగునాఁట నరుదు.

ఇందఱి కృషిలో నెల్ల నెన్నఁదగినది పాటలను రాగిరేకులపైఁ జెక్కించుట. ఈ కార్యమును బెదతిరుమలాచార్యుఁడు పూనుకొనెను. తాటియాకు నెన్ని విధముల కాపాడినను చెద తినును, రాగి నిలుచును. రెండువేలకుఁ బైగా రేకులు చెక్కించి, తిరుమల యాలయములోపలనే సంకీర్తన భండారమను ఱాతిగదిలో నుంచిరి.

రాగి తన పని తాను జేసినది. మనుష్యులు తమ పని చేయలేదు. 1565లో విజయనగరము పతనమయ్యెను. పాటలకుఁ బోషకులు తఱిగిరి. పాటలు నేర్పు శిష్యపరంపర యింటి వెలుపలికి వ్యాపింపలేదు. కాలక్రమమున గది యున్నదని తెలిసినవారు తగ్గిరి. గదిలో నేమున్నదో తెలిసినవా రంతకంటెఁ దగ్గిరి. ఇట్లు మూఁడువందల యేండ్లకుఁ బైగా గడచెను.

ఈ నడుమ నొక చిత్రము జరిగెను. ఆంగ్లోద్యోగి ఏ. డి. క్యాంబెలు తెలుఁగు వ్యాకరణము వ్రాయుచు, తిరుపతిలో రాగిరేకులపైఁ బ్రాచీన వ్యాకరణ మొకటి కలదని వినెను. నకలు వ్రాయించి తెప్పించి చూడఁగా నవి దేవుని మీఁది పాటలు. తాను వెదకినది కాదని వానిని విడిచెను. ఆ సంగతి 1816లో వెలువడిన తన వ్యాకరణ గ్రంథమున వ్రాసికొన్నాఁడు. సజీవమగు తెలుఁగు నుడి వేలకొలఁది పాటలలోఁ జేతి కందినను, వ్యాకరణము కాదని విడిచిన యతనిని మనము నిందింపవలసిన పని లేదు. అతఁడు పరదేశి. అతఁ డడుగునంతవఱకు నాసంగతి విచారింపని మన పండితుల మాట యేమి?

1920 ప్రాంతమునుండి దేవస్థాన శాసనములను బరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి యీ రేకుల విలువను గుర్తించెను. 1930 తరువాతి దశకమున దేవస్థానమువారు పాటలను ముద్రింప నారంభించిరి. కృష్ణాతీరమున జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి తిరుపతి కేతెంచి, వాని పరిష్కరణమున శ్రమించి, చిన్నన్న వ్రాసిన చరిత్రమును 1949లో విపులమైన పీఠికతోఁ బ్రకటించెను. మఱుసటి యేఁడు గతించెను. అనంతపురము సీమకుఁ జెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ పిమ్మటఁ గొన్ని సంవత్సరములు రేకులను సరిచూచి, పలు పాటలకు స్వరములు కూర్చెను. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించిరి. నేఁడు తెలుఁగు వారున్న ప్రతిచోటను ఈ పాటలు వినఁబడుచున్నవి. వేటూరి, రాళ్లపల్లి యనునవియు ఊళ్ల పేళ్లే. తాళ్లపాకవారి సొత్తును లోకమునకుఁ బంచియిచ్చినవారు వేఱు యూళ్లవారు. వారసత్వము దాయాదులకే గాక శ్రమించినవారికిని జెందునని యిది తెలుపుచున్నది.

అయినను పోయిన దంతయుఁ దిరిగి రాలేదు. రేకులపైఁ బ్రతి పాటకును రాగము పేరున్నది; స్వరము లేదు. అన్నమయ్య యే మెట్టునఁ బాడెనో, ఏ పలుకుకడ నిలిచెనో, ఎచ్చట వేగము హెచ్చించెనో యా రాగి చెప్పఁజాలదు. నేఁడు మనము వినునవి చాలవఱకు మన కాలపు విద్వాంసులు కట్టిన వరుసలు. అవి మధురములే, కాని కవి గొంతునుండి వచ్చినవి కావు. అక్షరమును లోహము కాపాడఁగలదు. రాగమును గాపాడుటకు మనుష్యుల గొంతులు కావలెను. ఆ గొంతులు పెక్కుండవలెను, ఒక యింటివే కారాదు. నాలుగు తరముల గొప్ప విద్వాంసుల యింట నిట్లయిన యెడల, విద్యను వంశరహస్యముగా దాఁచుకొను తక్కిన యిండ్లలో నేమగునో యూహించుకొనవచ్చును.

పేరు పెట్టుటకును, పేరు నిలుపుటకును నెంత దూరమో చూపు మఱియొక సంగతిని జెప్పక తప్పదు. తాళ్లపాక సీమ దాహము తీర్చుటకై చెయ్యేటిపైఁ గట్టిన జలాశయమునకు అన్నమయ్య పేరు పెట్టిరి. కఱవు నేలకు నీరిచ్చు కట్టకు ఆ పేరు తగినదే. 2021 నవంబరు 19వ తేదీన భారీ వర్షములకు ఆ మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములు నీటఁ గొట్టుకొనిపోయెను. పలువురు ప్రాణములు గోల్పోయిరి. మహాకవి పేరు కట్టను గాపాడలేదు. కట్టను గాపాడునది గేట్ల మరమ్మతు, వేళకుఁ జేయు హెచ్చరిక, ప్రతిదినము చూచుకొను మనుష్యుఁడు. పూర్వుల పేరు చెప్పుకొని నిశ్చింతగా నుండు వంశమునకును ఈ కట్టకును భేదము లేదు.

కనుకఁ జదువరులు తమ తమ యిండ్లలోఁ జేయఁదగిన పను లివి. ఇంటిలో ముసలమ్మ పాడు పాట, చెప్పు కథ యొకటి యుండును. దానిని వ్రాసి యుంచుఁడు. అంతటితో నిలువక, ఆమె గొంతునుండియే పిల్లలకు నేర్పింపుఁడు. పొరుగింటి పిల్లలకును నేర్పింపుఁడు. వంశవృక్షము వ్రాయునపుడు కొడుకుల పేళ్ల సరసనే కూఁతుండ్ర పేళ్లను, కోడండ్ర పుట్టినింటి పేళ్లను వ్రాయుఁడు. తాళ్లపాక తిమ్మక్కకుఁ జదువు చెప్పిన యింటి పేరు మనకు లేకపోయినది. మన కోడండ్రను జదివించిన యిండ్ల పేళ్లయినను మన మనుమలకు దక్కవలెను. పిల్లవాఁడు పాడుకొనుచుండఁగాఁ గసవు కోయుమని పంపుటకు ముందు ఒక నిమిషము ఆ పాట వినుఁడు. ఈ పనులు చేసిన యింటికి ఏ యింటిపేరున్నను మంచిదే.